ఆనికమాపకం

కొత్త కోరంగిలో ఆదివారం ఆరాధన ముగిశాక జనం పలకరించుకునే తీరే మారిపోయింది. "వందనాలండి" అన్న వెంటనే "ఈ వారం ఎంతొచ్చిందండీ?" అని అడగడం మర్యాదైంది. "డెబ్భై ఆరండి, దేవుడి దయ" అని ఒకరంటే, "మాది ఎనభై దాటిందండోయ్" అని ఇంకొకరు గొంతు తగ్గించినట్టే తగ్గించి నలుగురికీ వినబడేలా చెప్పేవారు. అంగారకుడి మీద గాజు గుమ్మటం కింద పద్నాలుగు వందల మంది తెలుగువాళ్ళు బతుకుతున్న ఊరది. గాలినీ నీళ్ళనీ కొలిచి వాడుకునేవాళ్ళు విశ్వాసాన్ని మాత్రం కొలవకుండా ఎలా వదిలిపెడతారు?

మనిషి దేవుడి మీద ఎంత ఆనుకున్నాడో కొలిచే యంత్రమే ఆనికమాపకం. నాడీశాస్త్రవేత్త డాక్టర్ హెప్సీబా తయారుచేసింది. బల్ల గట్టిదని తెలియడం వేరు, దానిమీద కూర్చోవడం వేరు. కూర్చోబోయే ముందు మెదడు ఒంటికి "ఇక బరువు ఆనించు" అని చిన్న ఆజ్ఞ ఇస్తుంది. మనిషి ఒక మాటను నిజంగా నమ్మి పలికినప్పుడు కూడా మెదడులో అదే చోట అదే ఆజ్ఞ పుడుతుందని ఆమె కనిపెట్టింది. తలకు పెట్టుకునే టోపీలోని సెన్సర్లు ఆ సంకేతాన్ని పట్టుకుని అంకె చూపిస్తాయి. అమ్మ ఒళ్ళో నిద్రపోయే చంటిబిడ్డ దగ్గర దొరికిన సంకేతాన్ని నూరు అనుకున్నారు. చర్చిలో పెళ్ళి కోసమే బాప్తిస్మం తీసుకుని, పెళ్ళయ్యాక మొహం చాటేసేవాళ్ళతో సంఘపెద్దలు విసిగిపోయి ఉన్నారు. అరవై రానిదే ఎవరినీ నీళ్ళలోకి దించకూడదని తీర్మానం చేసేశారు.

దయామణికి రెండేళ్ళుగా ఆ అరవై రావడం లేదు. ఇది మూడోసారి.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. గుమ్మటం బయట పనిచేసేవాళ్ళు తొడుక్కునే సూట్లను తనిఖీ చేసే షెడ్డులో ఉద్యోగం. బాప్తిస్మపు తొట్టె నింపడానికి సంఘానికి ఏడాదికి ఒక్క రోజే నీళ్ళు ఇస్తారు. ఆ రోజు ఇవాళే. ఇంకో పది రోజుల్లో ఆమె ధ్రువం దగ్గరి మంచు గనులకు బదిలీ మీద వెళ్ళాలి. అక్కడ తొమ్మిదేళ్ళు. పాస్టరూ ఉండడు, సంఘమూ ఉండదు. అందుకే తెల్లచీర కట్టుకుని, ఇవాళ తడవకుండా ఇంటికి తిరిగొచ్చేది లేదని గట్టిగా అనుకుని మరీ వచ్చింది.

సంఘపెద్ద జెకర్యా ముందుగా నలభై ప్రశ్నల జాబితా తీశాడు.

"అవన్నీ నాకు రావండయ్యా," అంది దయామణి. "నాకు తెలిసినవి మూడే ముక్కలు. నేను పాపిని. నా పాపం మోసి యేసయ్య చచ్చిపోయి మళ్ళీ లేచాడు. రమ్మన్నాడు, వచ్చాను, ఇక పొమ్మనడు. అంతేనండి."

"తెలియాల్సింది అదే కదండీ. ఆ జాబితా పక్కన పెట్టండి," అన్నాడు పాస్టర్ యేసుపాదం.

హెప్సీబా ఆమె తలకు టోపీ బిగించింది. "యేసు నన్ను క్షమించాడు," అంది దయామణి.

నలభై ఒకటి.

"నిరుడు ముప్ఫై ఎనిమిది," అన్నాడు జెకర్యా. "ఈ లెక్కన ఇంకో ఆరేడేళ్ళు పడుతుందమ్మా."

దయామణికి ఒళ్ళు మండిపోయింది.

"యేసయ్య క్షమించాడు అన్నప్పుడల్లా నాకు బయట పనికెళ్ళిన పద్మావతి గుర్తొస్తుందండి. ఇరవై ఏళ్ళ కిందట, సూటు బాగుందని గాలి ఒత్తిడి కొలిచే గేజి చూపిస్తే, చేత్తో తడిమి చూడకుండా తొడిగి పంపించేశాను. మెడ దగ్గర సీలు ఊడిపోయింది. మనిషి తిరిగి రాలేదు. అలాంటిదాన్ని ఆయన క్షమించాడంటే ఒళ్ళు వణకదా? వణుకుతూనే పట్టుకున్నానండీ ఆయన్ని. వదల్లేదు." కొంగుతో కళ్ళు తుడుచుకుని హెప్సీబా వైపు తిరిగింది. "డాక్టరమ్మా, అప్పటినుంచీ మా షెడ్డులో ఒకటే పద్ధతి. సూటు కన్నా ముందు గేజిని చూస్తాం. మీ గేజిని ఎవరైనా చూశారా?"

హెప్సీబాకు ఆ ప్రశ్న గుచ్చుకుంది. "ఎలా చూడమంటారు?"

"మాట మార్చండి. యేసయ్య పేరు తీసేసి, 'ఈ యంత్రం నా గురించి నిజం చెబుతుంది' అనిపించండి. పెద్దలందరిచేతా."

"ఓస్, ఇంతేనా!" జెకర్యా టోపీ పెట్టుకుని ఆ మాట అన్నాడు. తొంభై తొమ్మిది. గర్వంగా చుట్టూ చూశాడు. యేసు మాట దగ్గర ఆయనకు వచ్చేది ఎనభై ఒకటని ఊరంతటికీ తెలుసు. ఆయనే చెప్పుకున్నాడు మరి.

మిగతా పెద్దలూ ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. ఒక్కరూ తొంభై ఐదుకు తగ్గలేదు. పాస్టరుకు తొంభై ఏడు. యేసు మాటకు ఆయనకు వచ్చింది డెబ్భై నాలుగు. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చివరికి హెప్సీబా తనే పెట్టుకుని చూసుకుంది. నూరు! ఆమె మొహం పాలిపోయింది.

"మీరూ అనండి," అంది దయామణితో.

దయామణి అంది. మూడు.

ఆ గదిలో యంత్రం కన్నా యేసు మీదే ఎక్కువగా ఆనుకున్న మనిషి ఆమె ఒక్కతే.

"అంటే యంత్రమే తప్పంటారా?" జెకర్యా కంగారుపడ్డాడు. "డాక్టరుగారూ, ఇంకోసారి పెట్టండి. తప్పో ఒప్పో అదే చెప్పేస్తుంది కదా!"

"చాలండి జెకర్యాగారూ," అంటూ పాస్టర్ లేచాడు. "నేను అడగాల్సిన మాటను యంత్రంచేత అడిగించాను. గడ్డి తిన్నది నా బుద్ధి. దయామణమ్మా, రండి."

తొట్టెలో నీళ్ళు నడుంలోతున ఉన్నాయి. చలికి ఆమె పళ్ళు టకటకలాడాయి.

"యేసుక్రీస్తు మీ రక్షకుడని నమ్ముతున్నారా అమ్మా?"

"నమ్ముతున్నానయ్యగారూ. భయంగానే ఉంది. అయినా నమ్ముతున్నాను."

ఆయన ఆమెను నీళ్ళలో ముంచి లేపాడు. దయామణి సంతోషం పట్టలేక బావురుమంది.

గట్టు మీద జెకర్యా హెప్సీబా చెవి దగ్గరకు వంగాడు. "మునిగినప్పుడు అంకె చూశారా?"

"టోపీ తీసేశాం కదండీ."

"అయ్యయ్యో! మరి ఆవిడ నిజంగా నమ్మిందో లేదో మనకెలా తెలుస్తుంది?"

జుట్టు పిండుకుంటూ మెట్లెక్కుతున్న దయామణి ఆగింది.

"మనకి తెలీదండయ్యా," అంది. "నాకే సరిగ్గా తెలీదు. ఆయనకి తెలుసు."