వదిలిన చేతికే

బంతులు చేసే ముసలాయన తన పనిబల్ల మీదే బోర్లా పడి ఉన్నాడు. వీపులో ఉలి పిడిదాకా దిగి ఉంది. అది ఆయన ఉలే.

ఏజెంట్ మూగన్న వంగి, బల్ల కింది కొయ్యపొట్టు చిటికెడు తీసి వేళ్ళతో నలిపాడు.

"ఇది బంతి కడుపులోని పొట్టు. ముసలాయన చేత బంతిని తొలిపించారు. పనయ్యాక ఆయన పనీ కానిచ్చారు."

"తొలిచిన చోట ఏం పెడతారంటావ్?" అన్నాడు చీఫ్.

"పూలు మాత్రం పెట్టరు."

నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని మూగన్న అనేవారు.

నీడబంతి ఆడని దేశం లేదు. ఇసుక జట్టు, మంచు జట్టు, దీవుల జట్టు, కొండ జట్టు, ఎవరి పిచ్చి వాళ్ళది. మంత్రం వేసిన కొయ్యబంతిని గాల్లోకి వదలగానే అది కంటికి కనపడకుండా పోతుంది. నేల మీద దాని నీడ మాత్రం పరుగులు తీస్తుంది. ఎగిరే పలకల మీద నిలబడ్డ ఆటగాళ్ళు కిందున్న ఆ నీడనే చూస్తూ పైనున్న బంతిని పట్టాలి. గాలిహోరు వినపడకుండా చెవుల్లో మైనం పెట్టుకుంటారు. తల ఎత్తరు, పిలిస్తే పలకరు. మబ్బు పట్టి నీడ పోయిందా, ఆట ఆగుతుంది. బంతి తనను వదిలిన చేతినే వెతుక్కుంటూ వెనక్కి వస్తుంది. ఆ గుణం తీసేస్తే అది ఎగరదు. వంటచెరకే.

"ఫైనల్ కొండకీ దీవులకీ," చీఫ్ బ్రీఫింగ్ మొదలెట్టాడు. "గబ్బిలం ముఠా టార్గెట్ కొండ జట్టు క్యాచర్. బంతి ఆ పిల్ల చేతిలో పేలితే నింద దీవులవాళ్ళ మీద పడుతుంది. ఆపైన యుద్ధమే. ఆట ఆపిస్తే ముఠా ఇంకో చోట చేస్తుంది. ఇంతకీ ఆ క్యాచర్..."

"మా అక్క కూతురు."

"తప్పుకుంటావా?"

"తప్పుకోను."

తల్లి పోయాక ఆ పిల్లకి జడలు వేసింది మూగన్నే. అవి ఎప్పుడూ వంకరే.

ముఠాలో డిపార్ట్‌మెంట్‌కి ఓ మనిషి ఉంది. పేరు నెమలి. ఒకప్పుడు పేరుమోసిన క్యాచర్. ఇప్పటికీ ఆవిడ నడిచొస్తుంటే కెమెరాలన్నీ అటే తిరుగుతాయి. ఫైనల్లో బంతి వదిలే గౌరవం ఆవిడకే ఇప్పించమని సిఫార్సు చేసింది మూగన్న. ఆవిడ వేలికి డిపార్ట్‌మెంట్ ఉంగరం ఉంది. మందుగుండు దగ్గరికి పోతే దాని రాయి ఎర్రబడుతుంది.

"బంతులన్నీ చూశాను బావా," చెవికమ్మలోని వైర్‌లెస్‌లో నవ్వింది నెమలి. "రాయి తెల్లగానే ఉంది. గుండె మీద చెయ్యేసుకుని కూర్చో. ఆ మీసం మాత్రం నీకు అచ్చిరాలేదు."

మూగన్న వేసుకున్న వేషం స్టేడియం పరదా మెకానిక్‌ది. ఖాకీ చొక్కా, అతికించిన మీసం. చేతికింద పెద్ద ఇనప మీట. వాన వస్తే దాన్ని లాగాలి, స్టేడియం మొత్తం మీదా పరదా పడుతుంది.

విజిల్ మోగింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. నెమలి బంతి వదిలింది. నీడ గడ్డి మీద చేపపిల్లలా జారింది. పైన మేనకోడలు పలక వంచి దాని వెంట పడింది.

మూగన్న నీడనే చూస్తున్నాడు. గట్టి బంతి నీడ కాటుకలా ఉంటుంది. దీని నడుమ పలచగా వెలుగుంది.

గుల్ల బంతి!

బంతులన్నీ చూసింది ఎవరు? చటుక్కున తల తిప్పాడు. నెమలి కుర్చీ ఖాళీ. ఆవిడ పట్టుచీర అంచు ఎవరూ లేని, బయటికి పోయే సొరంగంలోకి మలుపు తిరుగుతోంది.

మీట మీద చెయ్యేసి, కాలర్ గుండీ నొక్కాడు.

"నెమలీ, పరదా వేస్తున్నాను."

తప్పు చెయ్యని మనిషైతే వేసుకోమంటుంది.

"వద్దు!" ఆ గొంతులో నవ్వు లేదు. "వద్దు బావా! నీ కాళ్ళు పట్టుకుంటాను. మా బాబు వాళ్ళ దగ్గరున్నాడు!"

మూగన్న చెయ్యి ఆగిపోయింది. పైన మేనకోడలు చెయ్యి చాచింది.

"ముందే నాతో ఒక్క మాట అని ఉంటే ఇద్దరం వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం కదే!"

"ఏ మొహం పెట్టుకుని అడగను?"

మీట లాగాడు.

పరదా ఉరుములా దొర్లి మైదానాన్ని కప్పేసింది. నీడ ఆరిపోయింది. పిడికిలి బిగించబోతున్న మేనకోడలు ఖాళీ గాలి పట్టుకుని నిలబడిపోయింది. తలల మీదుగా ఏదో రివ్వున దూసుకుపోయింది.

సొరంగంలో పేలుడు. వైర్‌లెస్‌లో గరగరమన్న చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు.

మూగన్న మీట వదిలాడు. చీఫ్ వచ్చి రిపోర్టు అడిగాడు.

"తర్వాత రాస్తా. ముందు ఆవిడ పిల్లాణ్ణి తేవాలి. బండి పంపించండి."

మెట్ల మీద దబదబా అడుగులు. మేనకోడలు రొప్పుతూ వచ్చి, చెవుల్లో మైనం పీకి విసిరికొట్టింది. మొహం తేరిపార చూసి, ఆ మీసం పట్టుకుని ఊడబెరికింది.

"మామయ్యా! నువ్వా! బంతి జానెడు దూరంలో ఉందయ్యా! ఇంకో క్షణం ఆగి ఉంటే నా చేతిలో ఉండేది. ఎందుకేశావ్ పరదా?"

మూగన్న ఆ పిల్ల చేతులు రెండూ తీసుకుని, వేళ్ళన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నాడు.

"ఎండ ఎక్కువగా ఉందమ్మా," అన్నాడు. "వడదెబ్బ తగులుతుందని వేశాను."