ప్రొమాయా

గాలి గురించి ఒక శాశ్వత సత్యం చెప్పవలసి ఉంది. సామ్రాజ్యాలకు ఎదురొడ్డి నిలిచిన మా సెర్బ్ జాతి, తలుపుకూ కిటికీకీ నడుమ దూరే పిల్లగాలికి మాత్రం గజగజ వణుకుతుంది. ఆ గాలి పేరు ప్రొమాయా. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, కుదిరిన పెళ్లి చెడినా నేరం దానిదే.

అక్టోబరు పదో తేదీన, రేడియేటర్లింకా వేడెక్కని ఆసుపత్రి గదిలో, వ్యాయామం టీచరు కొసారా కిటికీకి వీపు ఆనించి, కోటద్వారం కాచే సేనానిలా నిలబడింది. ఎదుట ట్రెడ్‌మిల్ మీద పన్నెండేళ్ల దూన్య ముఖానికి మాస్కుతో పరుగెత్తుతోంది. దూన్యకు ఆస్తమా. బడి హ్యాండ్‌బాల్ జట్టులో అందరికన్నా వేగం కూడా ఆమెదే. శనివారం మ్యాచ్‌లో ఆమె ఆడేదీ లేనిదీ ఈ పరీక్షే తేలుస్తుందని కొసారా భయం.

"కిటికీ కాస్త తీయండి టీచర్ గారూ," అన్నాడు డాక్టర్ వుకాషిన్. అతడక్కడ చేరి మూడు రోజులైంది. "గాలి చల్లగా, పొడిగా ఉంటేనే ఆయాసం దాక్కోకుండా బయటపడుతుంది."

"తలుపు తీసే ఉంది. ఇదీ తీస్తే ప్రొమాయా! పిల్లకి చెమట పట్టింది, కనబడట్లేదా?"

"మీరు వ్యాయామం టీచరా, మా అమ్మమ్మా?"

"మీ అమ్మమ్మకి బుద్ధుంది. మనవడికే రాలేదు."

మాస్కు లోపల దూన్య కిసుక్కుమంది. గుండెవేగం చూపే తెర కంగారుపడింది.

పరుగు ముగిసింది. ఇక ఒకటి, ఐదు, పది, పదిహేనో నిమిషాల్లో గొట్టంలోకి ఊదడమే. ఆ మధ్యలో ఎవరికీ పనిలేదు. మనుషులు ప్రేమలో పడేది సాధారణంగా ఇటువంటి నిరుద్యోగంలోనే. కొసారా విజిల్ తాడును వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. డాక్టరు ఒకే కాగితాన్ని నాలుగుసార్లు సర్దాడు.

ఐదో నిమిషానికి ఊపిరి పన్నెండు శాతం పడిపోయింది. పదో నిమిషానికి పద్దెనిమిది.

"నేను ప్రొమాయాకి భయపడలేదు," అంది కొసారా గబగబా. "చల్లగాలికి అంకె పడిపోతుందనే కాపలా కాశాను. వాళ్లమ్మ ఇది చూస్తే ఆట మాన్పించేస్తుంది. చిన్నప్పుడు నన్నూ ఇలాగే మాన్పించారు."

ఆమె విజిల్ ఎందుకు వదలదో వుకాషిన్‌కు అప్పుడు అర్థమైంది.

"ఈ అంకె ఆట మానమనదండీ," అన్నాడు, దూన్య చేతికి ఇన్‌హేలర్ అందిస్తూ. "ఆటకి పావుగంట ముందు రెండు పఫ్‌లు పీల్చమంటుంది, అంతే. వాళ్లమ్మకి నేను చెబుతా."

"అయితే శనివారం ఆడొచ్చా?" అంది దూన్య.

"ఆడొచ్చు. నేనూ వచ్చి చూస్తా. మీ టీచర్ గారు వద్దనకపోతే."

"రండి," అంది కొసారా నేలచూపులు చూస్తూ. "తర్వాత కాఫీ తాగుదాం. గుమ్మం దగ్గర బల్ల మాత్రం వద్దు. ప్రొమాయా."

"భయం లేదన్నారుగా?"

"అది ఇక్కడ. కాఫీ దగ్గర ఉంది."

"డాక్టర్ గారూ," అంది దూన్య, "మీరూ ఒకసారి ఊదండి. ముఖం ఎర్రబడింది."

ప్రాయశ్చిత్తంగా కొసారా తానే కిటికీ పిడి తిప్పింది. రెక్కలు కదల్లేదు. వుకాషిన్ వచ్చి భుజం కలిపాడు. ఇద్దరూ కలిసి, అవసరమైనదానికన్నా ఎక్కువసేపే తోశారు.

పోయిన వసంతంలో రంగులేసినవాళ్లు ఆ కిటికీ రెక్కల్ని చట్రంతో కలిపి, ఇక తెరుచుకోకుండా పూసేశారు.