కొర్బాను అన్న నోరు

తెల్లారేసరికి సెప్ఫోరిసు పట్నంలో కుమ్మరి తన్హూము వాకిట్లో కుండ పగిలింది. చెయ్యి జారి కాదు. వాళ్లమ్మ షప్పీరా రాయి తీసుకుని మరీ పగలగొట్టింది.

"ఏంటమ్మా ఇది? నిన్ననే ఆవంలోంచి తీశాను!"

"బల్లి పడి చచ్చిందిరా. మట్టికుండ మైలపడితే పగలగొట్టాల్సిందేనని పెదాయా గురువుగారు చెప్పారు."

తన్హూముకు ఒళ్లు మండింది. యేసును నమ్ముకుని మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో నేర్చుకున్న ప్రేమ ఏపాటిదోగాని, ధర్మశాస్త్రం చెప్పే యూదు గురువుల్ని ఈసడించడం మాత్రం బాగా ఒంటబట్టింది.

"ఆ చెప్పులు కుట్టే ముసలాడా! ధర్మం చెప్పే మోషే పీఠం వాళ్ల తాత రాసిచ్చినట్టు మాట్లాడతాడు! వీళ్ల బండారం, మా ప్రభువు వీళ్లకు పెట్టిన చీవాట్లు మా సంఘంలో రోజూ చెప్తారులే. కొర్బాను అని ఒక్క మాటంటే చాలు, కన్నవాళ్లకు కూడు పెట్టక్కర్లేదట. అదీ వీళ్ల ధర్మశాస్త్రం!"

"నోరు అదుపులో పెట్టుకో. ఆయనకు నీ తండ్రి వయసుంటుంది."

"అయితే వెళ్లి ఆయన పెట్టిందే తిను! నా కష్టార్జితం నీకు కొర్బాను! చాలా?"

అనేశాడు మహాభక్తుడు! కొర్బాను, అంటే దేవుడికి అర్పించినదానితో సమానమని, ఒట్టు పెట్టాక ఆ తిండి ఆవిడ ముట్టకూడదు. యెరూషలేములో ఆలయం కూలి రెండు తరాలైనా ఆ ఒట్టుకు పదును తగ్గలేదు. షప్పీరా చేతిలోని రొట్టెను పళ్లెంలో పెట్టేసింది.

"కోపంలో అన్నానమ్మా. తిను."

"ఒట్టు పెట్టిన నోరే విప్పుకోలేదురా. గురువు విప్పాలి. పెట్టింది నువ్వు, అడగాల్సిందీ నువ్వే."

"ఆయన గడప నేను తొక్కను!"

షప్పీరా రెండు రోజులు పక్కింటావిడ ఇచ్చిన అత్తిపళ్లతో సరిపెట్టుకుంది. తన్హూము వెళ్లి తన సంఘం పెద్దను అడిగితే, "ఒట్టు పెట్టడమే తప్పు, మర్చిపో" అన్నాడు.

"మర్చిపోవడానికి ఆయనదేం పోయింది? కడుపు మాడేది నాకు కదా," అంది షప్పీరా. మూడోనాడు పొద్దున్నే మూట కట్టింది. "కానాలో మా చెల్లెలింటికి పోతా. ఇక ఈ ఇంటికి రాను." గడప దాటబోయి కళ్లు తిరిగి కూలబడింది.

తన్హూము గురువు ఇంటికి పరుగెత్తాడు. పెదాయా చెప్పుకు తోలు పట్టీ కుడుతున్నాడు, తలెత్తలేదు.

"ఏం నాయనా, దారి తప్పి వచ్చావా?"

తన్హూము సిగ్గు చంపుకుని జరిగిందంతా చెప్పాడు.

"అమ్మ పస్తుంటుందని తెలిస్తే ఆ మాట అనేవాడివా?"

"అనేవాణ్ని కాదు."

"తల్లిని గౌరవించమన్న ఆజ్ఞ గుర్తొస్తే?"

"అనేవాణ్ని కాదండీ."

"అయితే ఒట్టు విడిపోయింది. వెళ్లి తిండి పెట్టు."

"అంతేనా? మరి మీరు కన్నవాళ్లను గాలికొదిలేయమంటారని..."

పెదాయా అప్పుడు తలెత్తాడు. "అలాంటి ప్రబుద్ధులు మాలోనూ లేకపోలేదు. ఈ వీధిలో మాత్రం ఆ మాటన్నది ఒక్కడే."

ఇంటికొచ్చి వేడిగా పప్పు, రొట్టె పెట్టాడు. షప్పీరా రొట్టె తుంచుకుని తిన్నది. కాస్త ప్రాణం లేచి వచ్చాక అడిగింది.

"ఇంకా తిడతావా ఆయన్ని?"

తన్హూము ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"కొర్బాను గురించి ప్రభువు చీవాట్లు పెట్టింది వాళ్లకే అనుకున్నానమ్మా. నాక్కూడానమ్మా!"