కోవా గదిలో అలారం

శాలిబండలో బసవయ్య పాలకొట్టు వెనక గదిలో గ్యాస్ అలారం నాలుగోసారి మోగింది. దాన్ని బిగించిన అమరనాథ్ నాలుగోసారి వచ్చాడు. సబ్బు నురగ పూసి పైపులన్నీ చూశాడు. లీకు లేదు.

"ఇంకోసారి మోగిందంటే పీకి అవతల పడేస్త," అన్నాడు బసవయ్య.

పోయిన ఏడాది లీకైన గ్యాస్ అంటుకుని ఆయన చెయ్యి కాలింది. అలారం పెట్టించింది కూతురు కీర్తిప్రియ. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతోంది.

"మిషన్ మంచిదే కాకా. షాపుల సెట్ చేసే తెచ్చిన," అన్నాడు అమరనాథ్.

"తలుపులు మూసి, నాలుగు పొయ్యిలు ముట్టించి సెట్ చేసినవా?" అంది కీర్తిప్రియ.

"గట్లెవరు చేస్తరు?"

"మా బాపు చేస్తడు."

కోవా కాగేటప్పుడు ఎవరి దిష్టీ తగలొద్దని బసవయ్య తలుపు, కిటికీ మూస్తాడు. ఆయన తండ్రీ అంతే.

కీర్తిప్రియ మీటరు తెచ్చి సెన్సర్‌కు తగిలించింది. తలుపు తీసి ఉంటే దాని నిరోధం నలభై కిలో ఓములు. మూసి పొయ్యిలు వెలిగించిన అరగంటకు ఇరవై.

"లోపలున్నది టిన్ ఆక్సైడ్. గాలిల ఆక్సిజన్ దానికి అతుక్కొని ఎలక్ట్రాన్లను పట్టుకుంటది. కరెంటు కష్టంగ పోతది. గ్యాస్ తగిలితే ఆ ఆక్సిజన్ పోతది, కరెంటు సులువుగ పోతది, అలారం మోగుతది. ఈడ పొయ్యిలే ఆక్సిజన్‌ను తింటున్నయ్. పాల ఆవిరి ఇంకో లొల్లి."

అమరనాథ్ ఆమెనే చూస్తున్నాడు.

"మీటరు చూడు."

"చూస్తున్న."

"అది ఇటున్నది."

అలారం బాగైతే ఈ ఇంటికి రావడానికి తనకు కారణం ఉండదని అమరనాథ్‌కు తెలుసు. అయినా బసవయ్య దగ్గరికి వెళ్లాడు.

"కాకా, సెట్టింగ్ తగ్గిస్తే మోగుడు ఆగుతది. కానీ నిజంగ లీకైతే లేటుగ మోగుతది. కిటికీ తీయాలె. మూసిన గదిల మీకు తలనొప్పి వస్తలేదా?"

"కోవా కాచినప్పుడల్ల వస్తది. ఈ మోత వల్లే అనుకున్న."

కిటికీ తెరిచి, బయట వెదురు తడిక కట్టారు. గాలి వస్తుంది, లోపలిది కనబడదు. బసవయ్య ఒప్పుకున్నాడు.

వారమంతా అలారం మోగలేదు. ఆదివారం అమరనాథ్ వచ్చాడు.

"మోగిందా?"

"లేదు. నిన్న ఫోన్ చేసి గిదే అడిగినవ్," అంది కీర్తిప్రియ.

"అయితే నాకింక ఈడ పని లేదు."

"పనుంటేనే వస్తవా?"

అమరనాథ్ పెట్టుకోబోయిన హెల్మెట్ తిరిగి బండి మీద పెట్టాడు.

"నువ్వు రమ్మంటే పని లేకున్నా వస్త. నువ్వంటే నాకిష్టం."

"నాలుగుసార్లు వచ్చినవ్. ఒక్కసారన్న చెప్పినవా?"

"నాలుగుసార్లూ అలారం మోగుతుండె."

లోపలి నుంచి బసవయ్య అన్నాడు: "ఇప్పుడైతే మోగుతలేదు గదా. లోపలికొచ్చి కూసోని చెప్పు, పిలగా."