దేవుని కుండ

తెల్లవారితే రత్నమాణిక్యానికి ఒకటే బెంగ, ఇవాళ ఏం వండాలి. ఇంట్లో పదకొండు మంది. అత్తగారు వరమ్మ, భర్త దేవదానం, పిల్లలు ఐదుగురు, మొగుడు పోయి పుట్టింటికి చేరిన ఆడబడుచు సరోజ, ఆమె పిల్లలిద్దరు, చివరికి తను. ఆ ఏడు, అది ముప్పైల నాటి మాట, కొల్లేరు పొంగి భీమడోలు దిగువ చేలన్నీ ముంచేసింది. పొట్టమీదున్న వరి నీళ్లలోనే కుళ్లిపోయింది.

రత్నమాణిక్యం చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. ఒకరోజు గట్టు మీది పొన్నగంటికూర, ఒకరోజు అరటిదూట, ఇంకోరోజు రొయ్యపొట్టు వేసి ములగాకు. ప్రతిదానికీ కొత్త పేరు పెట్టేది. "ఇవాళ దీని పేరేంటమ్మా?" అని పిల్లలడిగితే "దొరసానిగారి పులుసు" అనేది. పాపం, ఊళ్లో క్రైస్తవ మిషను నడిపే దొరసానికి ఆ పులుసు సంగతే తెలియదు. పేరు బాగుందని పిల్లలు ఇంకో ముద్ద అడిగేవారు. అక్కడే వచ్చింది చిక్కు. కూర ఎన్ని రకాలు చేసినా కలుపుకోవడానికి అన్నం ఉండాలి కదా.

బియ్యం కొలిచి ఇచ్చేది వరమ్మ. అందులో పూటకో గుప్పెడు తీసి మూలనున్న మట్టికుండలో వేయాలి. అది దేవుని కుండ. ఆదివారం మిషను గుడికి పట్టుకెళితే ఆ బియ్యం లేనివాళ్లకు పంచుతారు. నలభై ఏళ్లుగా వరమ్మ కుండ వెలితిగా వెళ్లింది లేదు.

ఆ వారం రత్నమాణిక్యం కుండలో గుప్పెడు వేయడం మానేసి, రోజూ రెండు గుప్పిళ్లు తీసింది. తీసిన ప్రతిసారీ గుమ్మం వైపు చూసేది. ఒంట్లో బాగోలేదంటూ అత్తగారు బియ్యం కొలిచిచ్చి, ఇంత గంజి తాగి పడుకుంటోంది కాబట్టి చూసేవాళ్లు లేరు. ఎంత తీసినా కుండ అడుగంటకపోవడం వింతగానే ఉండేది. ఆ వింత ఏమిటో ఆలోచించే తీరిక ఆమెకు లేదు.

శనివారం పొద్దున ఆమె కలువదుంపలు ఉడకబెట్టి కూర దించుతుండగా వరమ్మ వచ్చి కుండలో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా పోతేగాని బియ్యం తగల్లేదు.

"రత్నం, ఇందులో బియ్యం ఎవరు తీశారే?"

తెలియదని చెబుదామనుకుంది. చెబితే నింద సరోజ మీద పడుతుంది.

"నేనేనండీ అత్తయ్యా."

"దేవుడి బియ్యం తియ్యడానికి నీకు చేతులెలా వచ్చాయే? రేపు గుళ్లో నేను మొహం ఎక్కడ పెట్టుకోను?"

"చంటాడు ఖాళీ కంచం నాకుతుంటే చూడలేకపోయానండీ. మీకు గుళ్లో పరువే కనపడుతోంది, వాడి కడుపు కనపడట్లేదు."

ఇన్నేళ్లలో కోడలు అంత మాట అనలేదు. వరమ్మ కుండలోంచి చెయ్యి తీసింది.

"నీకొక్కదానికేనా పిల్లల మీద ప్రేమ? నా పూట బియ్యం కూడా ఇందులోనే పోశానే."

"మీ పూట బియ్యమేంటండీ?"

గుమ్మంలోంచి సరోజ అంది, "అమ్మకి ఒంట్లో ఏం లేదు వదినా. ఈ కరువులో కుండ వెలితిగా వెళితే నలుగురూ ఏమనుకుంటారోనని నీకు పదిమందికే కొలిచిచ్చి, తన వాటా అందులో పోసి గంజి తాగుతోంది. నీకు చెప్పొద్దంది."

రత్నమాణిక్యం గరిటె కింద పెట్టింది.

"అయితే ఇన్నాళ్లూ నేను పిల్లలకి పెట్టింది మీ అన్నమా అండీ?" అంటూ నేల మీద కూలబడి ఏడ్చింది.

వరమ్మ కుండ మీద మూత పెట్టింది. కోపం ఎటు పోయిందో, కళ్లు మాత్రం నిండాయి.

"తిన్నారా? కడుపునిండా తిన్నారా?"

"తిన్నారండీ."

"పోన్లే."

రత్నమాణిక్యం లేచి కంచం పెట్టింది. ఎప్పుడూ అందరికంటే చివర తినే అత్తగారిని చెయ్యి పట్టుకుని ముందు కూర్చోబెట్టి, నూకల జావ పోసి, పక్కన కూర వడ్డించింది. వరమ్మ కూర రెండు ముద్దలు తిని తలెత్తింది.

"దీని పేరేంటే?"

"కలువదుంప కూరండీ." ఈసారి కొత్త పేరేదీ నోటికి రాలేదు. "రేపు ఉన్న బియ్యమే పట్టుకెళదామండీ. అడిగితే నేనే తీశానని చెబుతాను."

"నువ్వేం చెప్పక్కర్లేదు," అంది వరమ్మ కళ్లు తుడుచుకుంటూ. "మా ఇంట్లో పిల్లలకి లేకపోతే వాళ్లకి పెట్టామని నేనే చెబుతాను."

మధ్యాహ్నం వంటకు వరమ్మ పదకొండు మందికి కొలిచింది.