గాలి చేయని నేరం

"ఆంటీ, నా ఉద్యోగం ఈ మధ్యాహ్నంతో సరి!" అంటూ రొహాయిజా కుర్చీలో కూలబడింది.

మలేషియాలోని పినాంగ్‌లో డిటెక్టివ్ ఊయ్ గైక్ సిమ్ ఆఫీసుకి ఏడుస్తూ వచ్చినవాళ్లని అసిస్టెంట్ శివనేశన్ చాలామందినే చూశాడు. ఇంత కోపంగా ఏడ్చే మనిషిని చూడటం ఇదే మొదలు.

రొహాయిజా ఓ గ్యాస్ ఫ్యాక్టరీలో ల్యాబ్ చూస్తుంది. కంప్యూటర్ చిప్పుల కంపెనీకి వెళ్లాల్సిన ఆర్గాన్ సిలిండర్లలో నైట్రోజన్ ఉందని ఆమె ప్లాస్మా డిటెక్టర్ పట్టేసింది. వెంటనే సరుకు ఆపించింది. గ్యాస్ నింపే విభాగం అధిపతి తియో డైరెక్టర్ ముందు ఎగిరిపడ్డాడు. ల్యాబ్ గొట్టం వదులుగా ఉండి బయటి గాలి దూరిందట!

"తప్పు నాదేనని ఒప్పుకోవాలట, లేదంటే ఇంటికేనట. చచ్చినా ఒప్పుకోను!"

"ఒప్పుకోకు. పద," అంది ఊయ్ మేడమ్, చెప్పులు వేసుకుంటూ.

ఫ్యాక్టరీలో సిలిండర్లు చూసి శివనేశన్‌కి నవ్వొచ్చింది. "ఒళ్లంతా తుప్పు, మెడకి మాత్రం కొత్త ఆకుపచ్చరంగు. సోకు చూడండి మేడమ్!"

"చూశాను," అని ఆమె తియో వైపు తిరిగింది. "ఇవి ఎప్పుడు నింపారు?"

"చైనీస్ కొత్త సంవత్సరం ముందురోజు. పొద్దున మొదలెట్టి మధ్యాహ్నానికి ముగించాం. రాత్రి మా అమ్మ దగ్గర అందరం కలిసి భోంచేయాలి గదా. మన చైనీయుల ఆచారం మీకు తెలీనిదా?"

"తెలియకేం. రొహాయిజా, నీ యంత్రం నైట్రోజన్‌ని ఎలా గుర్తుపడుతుంది?"

"పొడుగాటి గొట్టంలో వాయువులు విడిపోతాయి ఆంటీ. ఒక్కొక్కటే ప్లాస్మా మండే గాజు గదిలోకొస్తుంది. దేని వెలుగు దానిదే. నైట్రోజన్‌కొక గీత లేస్తుంది, ఆక్సిజన్‌కొకటి."

మధ్యాహ్నం దాతుక్ బిరుదున్న డైరెక్టర్ హలీమ్‌తో సహా అందర్నీ ఊయ్ మేడమ్ ల్యాబ్‌లోకి పిలిచింది.

"ముందు గొట్టం వదులు చెయ్యమ్మా."

రొహాయిజా నట్టు తిప్పింది. తెరమీద రెండు గీతలు లేచాయి.

"చూశారా! గాలి దూరితే ఆక్సిజన్ కూడా రావాలి. ఇప్పుడు బిగించి, ఆ సిలిండర్ పెట్టు."

ఈసారి ఒక్కటే గీత. నైట్రోజన్ మాత్రమే. శివనేశన్‌కి ఈల వేయాలనిపించింది, దాతుక్‌ని చూసి మానుకున్నాడు.

"మరి నైట్రోజన్ ఎక్కడిది?" అన్నాడు దాతుక్.

ఊయ్ మేడమ్ నాణెంతో సిలిండర్ మెడ గీకింది. పచ్చరంగు కింద నలుపు తేలింది. నలుపు నైట్రోజన్ సిలిండర్ గుర్తు, ఆకుపచ్చ ఆర్గాన్‌ది.

"ఆర్గాన్ సిలిండర్లు చాల్లేదు. వీటి మూతి కూడా అదే కొలత, అందుకని రంగు మార్చారు. అందులో తప్పులేదు. కానీ లోపల మిగిలిన నైట్రోజన్‌నంతా పంపుతో లాగేశాకే ఆర్గాన్ నింపాలి. దానికి రోజంతా పడుతుంది. పండగ భోజనం వేళ మించిపోతుందని తియో గారు ఆ పని ఎగ్గొట్టారు. నిజమేనా?"

తియో తల దించుకున్నాడు. "అమ్మ ఎదురుచూస్తుంటుందని... పట్టుబడతాననుకోలేదు."

"నీ భోజనానికి ఈ పిల్ల కూడు పోవాలా?" దాతుక్ గొంతు ఖంగుమంది. "నువ్వింక దయచెయ్. రొహాయిజా, నన్ను క్షమించమ్మా. ఇకమీదట నువ్వు సరే అనందే గేటు దాటి ఒక్క లారీ కదలదు."

రొహాయిజా కళ్లు తుడుచుకుని కిటికీ బార్లా తీసింది. కింద, తియో మళ్లీ సిలిండర్లు ఎక్కించిన లారీ ఇంజన్ ఆన్ చేసి ఉంది.

"అన్నా, ఆపు! సరుకంతా కిందికి దించెయ్!" అని ఫ్యాక్టరీ అదిరేలా అరిచింది.