ఎర్ర మిరపకాయలో ఏజెంట్

బుధవారం తెల్లవారేసరికి ప్రత్తిపాడు దగ్గరి ప్రత్తి పరిశోధన కేంద్రంలో, పంపు షెడ్డు పక్కన ప్రేమదాసు శవం పడి ఉంది. ల్యాబ్ అసిస్టెంటు. వయసు యాభై రెండు. కరెంటు షాక్ అని కాగితాల్లో రాశారు. షాక్ కొట్టినవాడి మెడ వెనక సూది గుచ్చిన గుర్తు ఎందుకుందో ఎవరూ రాయలేదు.

గురువారం హైదరాబాదులో నిఘా విభాగం చీఫ్ శేషాచలం ఆ ఫైలు మూసి, ఎదురుగా కూర్చున్న ఏజెంట్ లక్ష్మీకాంత్ వైపు చూశాడు.

"పోయినవి నాలుగు వందల గింజలు. శనగపచ్చ పురుగు ముట్టని ప్రత్తి. పదమూడేళ్ల పని. స్టాకు మొత్తం అదే."

"బయటికి పోతే?"

"ఇంకో దేశంలో పేటెంట్ అవుతుంది. మన రైతు పురుగుమందు మోస్తూనే ఉంటాడు." శేషాచలం ముందుకు వంగాడు. "గింజలు కొట్టేసిన ముఠాలో మన మనిషి ఉంది. పేరు బిందుమాధవి. ఆమె కబురు పంపింది. ఆదివారం ప్రత్తిపాడు నుంచి గుంటూరు మీదుగా మంగళగిరి దాకా మారథాన్. వేషాలు వేసుకుని పరుగెత్తేవాళ్లు అరవైమంది. డొమినిక్ అనే విదేశీయుడు ప్రత్తికాయ వేషంలో వస్తాడు. గుంటూరులో ఎవరో అతనికి గింజలు అందిస్తారు. నువ్వు అతని పక్కనే పరుగెత్తాలి."

"నేను ఏ వేషం సార్?"

శేషాచలం గొంతు సవరించుకున్నాడు. "మిరపకాయ."

శనివారం మధ్యాహ్నం లక్ష్మీకాంత్ ప్రత్తిపాడులో బస్సు దిగాడు. 2003 ఫిబ్రవరి. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. గాలి పీల్చగానే నాలుగు తుమ్ములు వచ్చాయి. స్కూలు గేటు దగ్గర నల్లకళ్లద్దాలు, మంగళగిరి చీర, ఊరికి కొత్తదైన సెంటు వాసన.

"ఈ ఏడు కాయ ఎలా ఉందండి?" అన్నాడు లక్ష్మీకాంత్.

"రంగుంది. ఘాటు తగ్గింది," అంది బిందుమాధవి. కోడ్ సరిపోయింది. "సాయంత్రం ఊళ్లో వేషాల ఊరేగింపు. అందులో లేకపోతే రేపు నంబరు ఇవ్వరు. ఒకసారి వేసుకుని చూద్దాం, రండి."

క్లాసురూములో ఏడడుగుల మిరపకాయ గోడకు ఆనించి ఉంది. మందపాటి స్పాంజి, పైన ఎర్ర శాటిను, నెత్తిన పచ్చ తొడిమ. కళ్ల దగ్గర చిన్న జాలీ.

"చేతులు ఒంటికి ఆనించి ఉంచండి. లేకపోతే షేపు రాదు," అంటూ ఆమె నడుం చుట్టూ, మోకాళ్ల చుట్టూ బెల్టులు బిగించింది. వీపు మీద జిప్పు సర్రున పైకి పోయింది. తరవాత టక్కుమని ఏదో విరిగింది.

"ఏమిటది?"

"జిప్పు లాగే పిన్ను." ఆమె జాలీ ముందుకు వచ్చి కళ్లద్దాలు తీసింది. "సారీ లక్ష్మీకాంత్ గారూ. మార్పిడి రేపు కాదు, ఇవాళ. గుంటూరులో కాదు, ఇక్కడే. మిమ్మల్ని చంపమన్నారు. నాకు మనసొప్పలేదు."

అతను మీదికి దూకబోయాడు. మోకాళ్లు కదల్లేదు. మిరపకాయ బోర్లా పడింది.

ఇద్దరు మనుషులు వచ్చి అతన్ని లేపి, మోసుకెళ్లి, ట్రాక్టరు ట్రక్కు మీద తాళ్లతో నిలబెట్టి కట్టారు. డప్పులు మొదలయ్యాయి. మైకులో ఎవరో రేపటి పరుగు గురించి అరుస్తున్నాడు. ట్రాక్టరు వెనక తెల్ల సుమో నెమ్మదిగా వస్తోంది. దాని పక్కన నడుస్తున్న డొమినిక్ పెద్ద ప్రత్తికాయలో ఉన్నాడు. బిందుమాధవి సంచీలోంచి దూది తీసి, అలంకారం సరిచేస్తున్నట్టు ఆ ప్రత్తికాయలోకి కుక్కుతోంది. పది అడుగుల దూరం. లక్ష్మీకాంత్‌కు అర్థమైంది. అది దూది కాదు. గింజ తీయని ప్రత్తి. ఏ ఎయిర్‌పోర్టులోనూ ఎవరూ అనుమానించరు.

"నేను పోలీసు మనిషిని! నన్ను విప్పండి! ఆ ప్రత్తికాయను పట్టుకోండి!"

జనం చప్పట్లు కొట్టారు.

"ఒరేయ్, మిరపకాయ మాట్లాడతందిరా!"

ట్రాక్టరు నడుపుతున్న గౌస్ బాషా వెనక్కి తిరిగి పళ్లికిలించాడు. "అదరగొడుతున్నావన్నా! ఇంకొంచెం గట్టిగా!"

జేబులో సెల్‌ఫోన్ మోగింది. చీఫ్ అయి ఉంటాడు. చెయ్యి తొడకు అతుక్కుని ఉంది, జేబు ఇంకో జానెడు పైన ఉంది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. చెమట కళ్లలోకి దిగింది. తుడుచుకునే దారి లేదు.

ప్రేమదాసు గుర్తొచ్చాడు. పది రోజుల కింద ఆఫీసుకు ఫోన్ చేశాడు. లైను బాగాలేదు. "సార్, ఇక్కడ ఏదో జరుగుతోంది సార్," అని అరిచాడు. ఎత్తింది లక్ష్మీకాంతే. అతని ఎదురుగా భోజనం బాక్సు తెరిచి ఉంది. "రాసి పంపండి," అని పెట్టేశాడు. ఉత్తరం రాలేదు. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఊరి చివర కల్లం దగ్గర ట్రాక్టరు ఆగింది. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు లేచి చూస్తున్నారు. వాళ్లలో పెద్దావిడ సుబ్బరావమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, ట్రక్కు ఎక్కి, జాలీలోంచి తొంగిచూసింది.

"ఏంది నాయనా, వేషమేసినోడివి నవ్వాల గానీ ఏడుస్తన్నావేంది?"

ఆపరేషన్ గురించి బయటివాళ్లకు ఒక్క మాట చెప్పకూడదని పన్నెండేళ్ల కిందట సంతకం పెట్టాడు లక్ష్మీకాంత్. వెనక సుమో కారియర్ మీద ప్రత్తికాయ వేషాన్ని కట్టేస్తున్నారు. డొమినిక్, బిందుమాధవి అప్పటికే లోపల కూర్చున్నారు.

"అమ్మా, నవ్వొద్దు, విను. ఆ ప్రత్తికాయలో దొంగిలించిన గింజలున్నాయి. దేశం దాటిస్తున్నారు. వాటి కోసం ఒక మనిషిని చంపారు. పరిశోధన కేంద్రంలో ప్రేమదాసు అని..."

చెంబు ఆగిపోయింది. "ఏ ప్రేమదాసు? మమ్మల్ని ప్రత్తి తీతకు పిలిచే ప్రేమదాసా? కరెంటు కొట్టి పోయాడన్నారే!"

"కాదమ్మా. చంపారు."

ఆమె చెంబు వదిలేసి గబగబా ట్రక్కు దిగింది. సుమో ఇంజను స్టార్టయింది, ట్రాక్టరును తప్పించి ముందుకు వచ్చింది.

"ఒసేయ్ ఖాజాబీ! టిక్కీలు దొర్లించండే! రోడ్డు మీదికి! బేగి!"

కల్లం గట్టు మీద పేర్చిన మిరపకాయల బస్తాలు ఒకటి తరవాత ఒకటి రోడ్డు మీదికి దొర్లాయి. సుమో బ్రేకులు కీచుమన్నాయి. ముందు చక్రం బస్తా మీదికెక్కి బండి ఒరిగింది. కారియర్ మీది ప్రత్తికాయ ఊడి కిందపడి పగిలింది. డొమినిక్ తలుపు తీసుకుని దూకి దాన్ని లాక్కోబోయాడు. అప్పటికే దాని మీద ముగ్గురు ఆడవాళ్లు చతికిలబడి ఉన్నారు. సుబ్బరావమ్మ ఒక పోగు తీసి వేళ్లతో నొక్కిచూసింది.

"గింజ ఉందే దీంట్లో! వేషానికి గింజ పత్తి ఎవడేస్తాడ్రా?"

జనం సుమోను చుట్టుముట్టారు. డ్రైవర్ కాలరు గౌస్ బాషా చేతికి చిక్కింది.

ట్రక్కు మీద కట్టేసి ఉన్న లక్ష్మీకాంత్ ఒక్కడే రెండో వైపు చూశాడు. బిందుమాధవి అటు తలుపు తీసుకుని దిగింది. కళ్లద్దాలు పెట్టుకుంది. పర్చూరు బస్సు వస్తుంటే చెయ్యెత్తింది.

"ఆమె! అటు! ఆ బస్సు!"

ఎవరూ వినలేదు. ఎక్కేముందు ఆమె ఒకసారి మిరపకాయ వైపు తలవంచింది. బస్సు కదిలింది. దుమ్ము కూడా సద్దుకుంది. అతను అలాగే నిలబడి ఉన్నాడు.

సాయంత్రం అయిదున్నరకు సుబ్బరావమ్మ కొడవలితో శాటిను చీల్చి అతన్ని బయటికి లాగింది. నాలుగు వందల గింజల్లో మూడు వందల తొంభై ఆరు దొరికాయి. ప్రేమదాసుకు సూది గుచ్చినవాళ్లెవరో సుమో డ్రైవర్ స్టేషన్‌లో చెప్పేశాడు.

లక్ష్మీకాంత్ చీఫ్‌కు ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పాడు. చివరికి, "సార్, ప్రేమదాసు మనకు ముందే ఫోన్ చేశాడు. ఎత్తింది నేనే," అన్నాడు.

అవతల ఫైలు తెరిచిన చప్పుడు వినిపించింది.

"రిపోర్టులో అది కూడా రాయి," అన్నాడు శేషాచలం. "ఇంకోటి. దారిలో వాళ్ల మనుషులు ఇంకా ఎవరున్నారో చూడాలి. ఆ వేషం కుట్టించుకో. రేపు నువ్వు పరుగెత్తుతున్నావు."

"సార్, నలభై రెండు కిలోమీటర్లు!"

"నిన్నెవరూ తరమడం లేదు కదయ్యా. నిదానంగానే పరుగెత్తు."